అరువదినాలుగునకు ముందటి తుపాకి



నేటి ప్రసంగమునకు నేనొక వేట తుపాకిని విషయముగా గైకొంటిని. వేటను పొగడుట నా యుద్దేశము కాదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతోను, దానికి 1991లో జరిగిన సవరణతోను వేట వినోదముగా సాగుట ముగిసినది. అది మంచిదే యని నా యభిప్రాయము. నేను చెప్పదలచినది పనితనమును గూర్చి. కమ్మరి సాగగొట్టిన కఱ్ఱును వ్రేలితో మీటి, మంచిచెడ్డలు చెప్పగల మీకు ఈ కథ యంత క్రొత్తగా తోచదు.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమునందు న్యూహేవెన్ అను పట్టణము కలదు. 1866లో ఏర్పడిన వించెస్టరు తుపాకుల కంపెనీవారి కర్మాగారము చిరకాలము అచ్చటనే నడచినది. ఆ పేరు మన ప్రాంతమునకు అపరిచితము కాదు. బెంగుళూరు వాస్తవ్యుడైన కెన్నెత్ ఆండర్సన్ దక్షిణదేశపు టడవులలో, మన చిత్తూరు కొండలలో సైతము, పులులను వెదకిన దినములలో ఆయన చేత నుండినది ఈ కంపెనీవారి 1895 నమూనా తుపాకియే.

1931లో ఈ కంపెనీ దివాలాతీసి ఓలిన్ కుటుంబమువారి వశమైనది. 1936లో బయలువెడలిన వారి క్రొత్త తుపాకికి 70వ నమూనా యని పేరు. దాని ప్రతిష్ఠ యెందువలన వచ్చినదో కొంచెము వివరింపవలెను. తూటాను గొట్టములోనికి త్రోయుటయు, కాల్చిన పిమ్మట డొల్లను వెలికి లాగుటయు బోల్టు అనెడి ఉక్కు గడియ చేయు పనులు. 70వ నమూనాలో ఈ గడియ ప్రక్కను పొడుగాటి ఉక్కు బద్ద యొకటి బిగింపబడి, దాని కొన గోరువలె నుండెడిది. జర్మనీ దేశమున మౌజరు 1898 నాటి సైనిక తుపాకిలో వాడిన పద్ధతి యిదియే. తూటా తన పెట్టెనుండి పైకి లేచినతోడనే ఆ గోరు దాని అంచును పట్టుకొనును. డొల్లను బయట పారవైచువరకు విడువదు.

అమెరికాలో స్థిరపడిన నా మేనల్లుని మిత్రుని యొద్ద 1964కు ముందు చేసినది యొకటి, తరువాత చేసినది యొకటి, రెండు తుపాకులు కలవు. ఆయన మందులేని ఉత్తుత్తి తూటాలు పెట్టి వానిని నా చేతి కిచ్చెను. పాతదానిని తలక్రిందుగా పట్టి, గడియను మెల్లగా నడిపి, సగములో నిలిపి, వెనుకకు లాగితిని. తూటా గోటినుండి జారలేదు. క్రొత్తదానిలో గడియ తూటాను వెనుకనుండి నెట్టునే గాని పట్టుకొనదు. పూర్తిగా మూసినప్పుడే గడియ మొగమున నున్న చిన్న కొక్కి అంచున పడును. మూయకమునుపే నేను వెనుకకు లాగగా తూటా గొట్టములోనే నిలిచిపోయెను. రెండవ తూటా వచ్చి దానిని ఢీకొని గడియ బిగిసిపోయెను. బల్లయొద్ద నిది వేడుక. ఎలుగుబంటి యెదుట కాదు.

కొయ్యపనియు చూచితిని. పాతదాని అక్రోటు కొయ్యపై పట్టు జారకుండుటకై చెక్కిన సన్నని అల్లికగీతలు వ్రేళ్లకు గరుకుగా తగులును. క్రొత్తదానిపై నున్నవి అచ్చుతో అదిమిన గుర్తులు. మిట్టగా నుండవలసినవి పల్లములైనవి. గొట్టమునకును కొయ్యకును నడుమ విడిచిన సందు దూరమునకే కనబడును.

ఇట్లేల చేసిరి? దురాశ యని ఒక్కమాటలో తేల్చివేయుట న్యాయము కాదు. పాత తుపాకి శరీరమును సాగగొట్టిన ఉక్కు దిమ్మనుండి కోతయంత్రములపై పెక్కు పర్యాయములు చెక్కి తీయవలెను. యుద్ధానంతరము కూలి పెరిగెను. పోటీదారులైన రెమింగ్టన్ కంపెనీవారు గుండ్రని ఉక్కు కడ్డీని లేతుపై త్రిప్పి సులువుగా తుపాకి శరీరమును చేయుచుండిరి. 1962లో వారి 700వ నమూనా వచ్చి అంగళ్లను ఆక్రమించెను. అప్పటికి 5,80,000కు పైగా 70వ నమూనా తుపాకులు చేసియున్న వించెస్టరువారు, 1964లో పేరు నుంచి పనిని మార్చిరి. జాక్ ఓకానరు వంటి వేటరచయితలు పెదవి విరిచిరి. "అరువదినాలుగునకు ముందటిది" అను మాట నాడే పుట్టి, పాత తుపాకుల వెలను పెంచెను.

అయినను రెండు సంగతులు చెప్పకతప్పదు. క్రొత్త తుపాకి గురి తప్పునది కాదు. కాగితపు గుఱిపై అది పాతదానికి తీసిపోదు. 1968లో గడియ నడకను సవరించిరి కూడ. రెండవది: 1964కు ముందటి కడపటి సంవత్సరములలోనే యంత్రములరిగి పాత తుపాకి పని సడలినది. కనుక సంవత్సరమును మాత్రమే చూచి వెలకట్టువాడు 1962 నాటి సరకును 1938 నాటి ధరకు కొనవచ్చును. తేదీ కంటె చేయి నమ్మదగినదని నాకు తోచుచున్నది.

1981లో ఓలిన్ వారు న్యూహేవెన్ కర్మాగారమును వదలుకొనగా, పనివారే కూడి దానిని కొనిరి. ఆ సంస్థ దివాలాకు వచ్చి మరల చేతులు మారెను. 1990 తరువాత గణకయంత్రముల నడుపుదలలో సాగు కోతయంత్రములు వచ్చి, ఆ పని చౌకయయ్యెను. "క్లాసిక్" అను పేర పాత గోరు తిరిగి వచ్చెను. కొనువారు ముప్పది యేండ్లుగా అడుగుచుండినది దానినే. అయినను 2006 మార్చిలో న్యూహేవెన్ కర్మాగారము మూతపడెను. నాడు జీవనము కోల్పోయిన పనివారు 186 మంది.

పేరు మాత్రము చావలేదు. 2008లో సౌత్ కరోలినా రాష్ట్రమున కొలంబియా పట్టణమందు 70వ నమూనాను, గోటితో సహా, మరల చేయసాగిరి. 2013లో కూర్పు పని పోర్చుగల్ దేశమునకు తరలెను. ఆ తుపాకులు పనిలో మంచివేయని తెలిసినవారి మాట. న్యూహేవెన్ లోని పాత భవనములలో కొన్నింటిని వాసగృహములుగా మార్చి అద్దెల కిచ్చిరి.