మందిరము ముందున్న గడ్డి



ఈ పూట మిమ్మును దూరదేశములోని ఒక మందిరపు వాకిటికి తీసుకొని వెళ్లగోరుచున్నాను. అమెరికాలోని బాల్టిమోర్ పట్టణములో ప్లెజెంట్ హోప్ అను బాప్టిస్టు సంఘమున్నది.

అమెరికా అనగానే కొరతలేని దేశమని అనుకుంటాము. అయితే 2018లో ఆ నగరము వేసిన లెక్క ప్రకారము, ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు తాజా ఆహారము అందని పేటలలో కాపురమున్నారు. పెద్ద దుకాణము దూరము, చాలా ఇండ్లలో కారు లేదు, చేతిలో డబ్బు తక్కువ. వీధి మలుపులోని కొట్టులో చిప్స్, కూల్‌డ్రింకులు దొరుకుతాయి గాని ఆకుకూర దొరకడము కష్టమే.

ఆ సంఘమునకు అప్పుడు కాపరిగా ఉన్న హీబర్ బ్రౌన్ గారు ఆసుపత్రులకు వెళ్లి తన సంఘస్తుల కొరకు ప్రార్థించేవారు. ఎక్కువగా తిండితో ముడిపడిన జబ్బులే. కాపరులారా, ఇది మనకూ తెలిసిన బాధే కదా! షుగరుతో మంచానపడ్డ సహోదరుని తలమీద చెయ్యి ఉంచుతాము. ఇంటికి వెళ్లి ఏమి తింటారయ్యా అని మాత్రము అడగము. బ్రౌన్ గారు దాని గురించే ఆలోచించారు. కూరగాయలు కొని పంచుదామంటే ధరలు అందలేదు. అప్పుడు మందిరము ముందున్న గడ్డి ఆయన కంటబడింది.

1,500 చదరపు అడుగులు. మన లెక్కలో దాదాపు మూడున్నర సెంట్లు, అంతే. 2010 ప్రాంతములో అక్కడ తోట వేశారు. సేద్యము తెలిసిన ఒక వృద్ధ సహోదరి ముందుండి నడిపించగా, ఏడాదికి దాదాపు 500 కిలోల కూరగాయలు పండాయి.

2015 ఏప్రిల్‌లో పోలీసుల అదుపులో ఉన్న ఫ్రెడ్డీ గ్రే అను యువకుడు మరణించినప్పుడు పట్టణము అల్లకల్లోలమైంది. దుకాణాలు మూతపడ్డాయి. తిండి కావాలని జనులు ఈ సంఘమునే అడిగారు. తోట ద్వారా పరిచయమైన రైతులు సరుకు పంపారు. ఆ ఏడే ఆఫ్రికన్ అమెరికన్ సంఘాలను అదే జాతి రైతులతో కలిపే పరిచర్య మొదలైంది.

గమనించండి, ఆ తోట పెరట్లో లేదు, ముంగిట ఉన్నది. లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు బీదల కొరకు విడువమన్నది పొలము అంచులనే కదా! అంచు అంటే దారిన పోయేవారి చెయ్యి అందే చోటు. మన మందిరాలలో ఆ చోట క్రోటన్ మొక్కలు పెడతాము, లేదా సిమెంటు చేయిస్తాము. సిమెంటు వేస్తే అదొక ఘనత మనకు!

పట్టణపు మట్టిలో పాత రంగుల సీసము ఉండవచ్చును గనుక గట్లు కట్టి కొత్త మట్టి పోయడము మేలు. టమాటాకు రోజుకు ఆరు గంటల ఎండైనా కావాలి.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి ఆవరణమంతా చూడండి. ఎండ ఎక్కడ పడుచున్నదో, కుళాయి ఎంత దూరమో, పక్క వీధివారు ఏ గేటు గుండా లోపలికి రాగలరో.