శ్రీశైలానికి లాంచీ: సోమశిల నుంచా, సాగర్ నుంచా?

పిల్లాపాపలతో కృష్ణమ్మ మీదుగా శ్రీశైలం వెళ్లాలంటే మనకు రెండు దారులున్నాయి: కొల్లాపూర్ దగ్గరి సోమశిల, లేదంటే నాగార్జునసాగర్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు సోమశిలే దగ్గర. పైగా ఆ లాంచీ డ్యాం ఎగువన, శ్రీశైలం జలాశయంలోనే సాగుతుంది. సాగర్ లాంచీ డ్యాంకు దిగువన, లింగాలగట్టు దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి ఘాట్ రోడ్డెక్కాలి. ముసలివాళ్లుంటే ఈ తేడా చిన్నదేం కాదు. అయితే టికెట్ ధర కన్నా ముందు చూడాల్సింది నీటిమట్టం. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. వేసవిలో నీళ్లు తగ్గితే లాంచీ కదలదు, కాబట్టి సెలవులు చూసుకుని కాదు, నీళ్లు చూసుకుని తేదీ పెట్టుకోవాలి.

నిండు వరదలో వెళ్తే ఇంకా అందం కదా అంటారు కొందరు. కానీ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో పర్యాటకుల బోటు మునిగి పదుల మంది పోయారు. వరద తగ్గి, నీరు నిలకడగా ఉన్న రోజులే మేలు. ప్రభుత్వ లాంచీ అయితే భయమెందుకన్న మాటా వినిపిస్తుంది. నిజమే, పర్యాటక శాఖ లాంచీ మీద నిఘా ఎక్కువ. కానీ పిల్లల కొలతకు సరిపడే లైఫ్ జాకెట్ ఉందా అని అడగడం మన పనే. ఆరేడు గంటల ప్రయాణం కాబట్టి మరుగుదొడ్డి, తిండి సంగతీ టికెట్ కొనకముందే కనుక్కోండి.