కాళ్లు లెక్కపెట్టి పేరు చెప్పండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. వెన్నెముక లేని జీవుల గురించి మాట్లాడతాను. జంతుజాతుల్లో నూటికి 95కు పైగా అవే. అంటే మైనారిటీ తరఫున మెజారిటీ గురించి మాట్లాడుతున్నానన్నమాట.

వీటిలో సగాన్ని మనం ఒక్క మాటతో సరిపెడతాం: పురుగు. వంకాయలో ఉన్నా పురుగే, పిల్లల కడుపులో ఉన్నా పురుగే. వంకాయలోది ఒక రెక్కల పురుగు లార్వా. దాని ఒళ్లు ఖండాలుగా ఉంటుంది, ముందువైపు మూడు జతల అసలు కాళ్లుంటాయి. కడుపులోని ఏలికపాముకు కాళ్లూ లేవు, ఖండాలూ లేవు. అది రెండు కొసలూ సన్నబడ్డ నున్నటి గొట్టం, లోపల ఇంకో గొట్టం, అంతే. ఒకటి ఆర్థ్రోపొడా, ఇంకోటి నెమటోడా. మాట ఒకటే, నిర్మాణాలు వేరు.

తొలకరికి నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా కనిపించే ఆరుద్ర పురుగును చిన్నప్పుడు మనమంతా అగ్గిపెట్టెల్లో దాచాం. దాని కాళ్లు ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఎనిమిది. తల మీద మీసాలు ఉండవు, రెక్కలు అసలే రావు. కనుక కీటకం కాదు. సాలీడుకు, తేలుకు, పశువుల్ని పట్టే పిడుదుకు చుట్టం. తమాషా ఏమిటంటే గుడ్డులోంచి వచ్చినప్పుడు దానికి ఆరు కాళ్లే. ఎదిగాక నాలుగో జత వస్తుంది. అలాగే జెర్రికి ఖండానికి ఒక జత కాళ్లు, మొదటి జత విషపు కోరలుగా మారి ఉంటుంది. రోకలిబండకు చాలా ఖండాల్లో రెండేసి జతలు. అది కుట్టదు, చుట్ట చుట్టుకుంటుంది. ఇది తెలిసిన పిల్లవాడు రోకలిబండను చెప్పుతో కొట్టడు.

వానపాము పాము కాదు, జెల్లీ చేప చేప కాదు. వీటి గురించి అందరికీ తెలుసు, వదిలేస్తాను. సముద్రనక్షత్రం దగ్గర మాత్రం ఆగాలి. అయిదు చేతులు, తల లేదు, నీటి ఒత్తిడితో నడిచే గొట్టపు కాళ్లు. చూస్తే మనకూ దానికీ ఏ సంబంధమూ కనబడదు. కానీ పిండం ఎదుగుదల చూడండి. నత్తలో, వానపాములో పిండానికి మొదట పడే రంధ్రం సాధారణంగా నోటివైపు పోతుంది. సముద్రనక్షత్రంలో, మనలో అది మలద్వారం వైపు పోతుంది, నోరు తర్వాత వేరే చోట తెరుచుకుంటుంది. క్లాసులో చెప్పడానికి కాస్త మొహమాటమే. అయినా ఎంతో తెలివైన ఆక్టోపస్ కన్నా ఈ తలలేని జీవే మనకు దగ్గరి బంధువని తేల్చిన ఆధారాల్లో ఇదొకటి.

ఇదంతా పరీక్షల కోసమేనా అని అడిగేవాళ్లకు రొయ్య గురించి చెబుతాను. మన కోస్తాలో ఎన్ని కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయో మీకు తెలుసు. రొయ్యా కీటకమూ ఒకే వర్గం. రెండింటికీ ఎముకలు పైనే, కైటిన్ పెంకుగా. ఎదగాలంటే ఆ పెంకు విడవాలి. విడిచిన కాసేపు రొయ్య మెత్తగా ఉంటుంది, చెరువులో తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. డైఫ్లూబెంజురాన్ అనే పురుగుమందు కీటకాల్లో కొత్త పెంకు తయారు కాకుండా ఆపుతుంది. చేపకు పెంకు లేదు, అందుకని దానికి పెద్దగా ముప్పు లేదు. అదే నీళ్లు రొయ్యల చెరువులోకో, పీతలున్న బోదెలోకో వెళితే? మందుకు పంట పురుగు, రొయ్య అన్న తేడా తెలియదు. అది చూసేది నిర్మాణాన్నే. నీళ్లలో చేపలు బాగానే ఉన్నాయి కదా అని ధైర్యపడే రైతుకు ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

అందుకే సైన్సు టీచర్లకు ఒక విన్నపం. వర్గాల పేర్లు వరసగా అప్పజెప్పించడం ఒక ఏడాది మానండి. బడి ఆవరణలో దొరికిన జీవిని సీసాలో పెట్టి, ఖండాలున్నాయా, కాళ్లెన్ని, పెంకు లోపలా బయటా అని అడగండి. పేరు చివర చెప్పండి. చూశాక దాన్ని దొరికిన చోటే వదిలించండి.

మధ్యాహ్నం భోజనంలో పీతల పులుసు ఉందని విన్నాను. పెద్ద గోళ్లతో కలిపి పది కాళ్లు రావాలి. తక్కువైతే వంటవాళ్లను అడుగుదాం.