పిల్లలు ఎవరిని చూసి ఆడుతున్నారు?



ఫుట్‌బాల్ ఆటగాళ్లా, ఒలింపిక్ క్రీడాకారులా, పిల్లలకు ఎవరు ఆదర్శం? వ్యాయామ ఉపాధ్యాయుల ఈ సభలో నన్ను మాట్లాడమన్న విషయం ఇది. బ్రిటన్‌లో ఈ చర్చ ఎప్పటి నుంచో ఉంది. అది ముదిరి పాకాన పడింది మాత్రం 2012లో. అందుకని అక్కడే మొదలుపెడతాను.

ఆ ఏడాది ఆగస్టు 4, శనివారం రాత్రి. లండన్ ఒలింపిక్ స్టేడియంలో గంట తిరక్కుండా ఆతిథ్య దేశానికి మూడు స్వర్ణాలు వచ్చాయి. హెప్టాథ్లాన్‌లో జెస్సికా ఎనిస్, లాంగ్‌జంప్‌లో గ్రెగ్ రూథర్‌ఫర్డ్, పదివేల మీటర్ల పరుగులో మో ఫరా. అదే రాత్రి కార్డిఫ్‌లో బ్రిటన్ ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాతో ఒలింపిక్ క్వార్టర్ ఫైనల్ ఆడింది. 1-1తో సమమై, పెనాల్టీ కిక్కుల దాకా పోయి, ఓడింది. ఒకే దేశం, ఒకే రాత్రి. ఒకచోట జనం ఆనందం పట్టలేక ఏడుస్తున్నారు, ఇంకోచోట తలలు పట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరిని కదిపినా ఒకటే మాట. వారానికి లక్ష పౌండ్లు పుచ్చుకుంటూ చిన్న తోపుకే నేల మీద దొర్లేవాళ్లెక్కడ, నాలుగేళ్లపాటు తెల్లవారుజామున చలిలో పరిగెత్తి ఒళ్లు హూనం చేసుకున్న వీళ్లెక్కడ! ఫుట్‌బాల్ వాళ్లు వీళ్లను చూసి బుద్ధి తెచ్చుకోవాలి అని.

ఈ తీర్పుతో నాకు చాలావరకు పేచీ ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకుంటాను, దాన్ని చివరికి చెబుతాను.

ముందు, ఈ రెండు రకాల ఆటగాళ్లను మనం ఎలా చూస్తున్నామో చూడండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. వాటికి తోడు కప్పు పోటీలు, యూరప్ పోటీలు, దేశం తరఫున ఆటలు. ఆగస్టులో మొదలై మే దాకా వారం వారం కెమెరా వాళ్ల ముఖం మీదే ఉంటుంది. కోపం వచ్చినా తెలుస్తుంది, నోరు జారినా తెలుస్తుంది. ఆట అయ్యాక ఎక్కడికి వెళ్లారో, ఎవరితో వెళ్లారో కూడా తెల్లారేసరికి పేపర్లో ఉంటుంది. జెస్సికా ఎనిస్‌ను లోకం కళ్లప్పగించి చూసింది రెండు రోజులు. ఆమె ప్రాక్టీసులో విసుక్కున్న రోజు, మానేద్దామనుకున్న రోజు ఎవరి కెమెరా అక్కడ లేదు. పెళ్లికొచ్చిన చుట్టం మర్యాద చూసి మురిసిపోయి, రోజూ ఇంట్లో ఉండే తమ్ముణ్ణి తిట్టడం లాంటిది ఈ పోలిక.

పైగా ఒలింపిక్స్‌లో అందరూ కడిగిన ముత్యాలేమీ కాదు. 1988లో సియోల్‌లో బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తితే లోకమంతా లేచి నిలబడింది. మూడు రోజులు తిరక్కుండా, స్టెరాయిడ్ వాడాడని తేలి పతకం వెనక్కి తీసుకున్నారు. 2000లో సిడ్నీలో అయిదు పతకాలు గెలిచిన మారియన్ జోన్స్ ఏడేళ్ల తర్వాత నిజం ఒప్పుకుని అవన్నీ తిరిగిచ్చింది, జైలుకూ వెళ్లింది. ఆ ఏడేళ్లూ ఎంతమంది ఆడపిల్లలు ఆమె బొమ్మ గోడకు అంటించుకుని ఉంటారు! ఒకరి తప్పు చూపించి ఇంకొకరి తప్పు మాఫీ చేయాలని ఈ మాట చెప్పడం లేదు. ఆట పేరు చూసి మనిషి గుణం నిర్ణయించొద్దంటున్నాను, అంతే.

రెండోది డబ్బు. డబ్బు ముట్టనివాడు గొప్పవాడు, డబ్బుకు ఆడేవాడు తక్కువవాడు అన్న భావన మనకు బ్రిటిష్ వాళ్ల నుంచే వచ్చింది. దాని పుట్టుక తెలిస్తే మన మనసు మారుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో అమెచ్యూర్ అంటే ఆస్తిపాస్తులున్న పెద్దింటి బిడ్డ. హెన్లీ పడవ పందేల్లో ఒళ్లు వంచి కూలి పని చేసుకునేవాడికి, చేతిపనివాడికి ప్రవేశమే లేకుండా నిబంధన రాసుకున్నారు. ఆ కాలంలోనే లాంకషైర్ నూలు మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు ఫుట్‌బాల్ బాగా ఆడటం మొదలుపెట్టారు. ఆటకు పోతే ఆ రోజు కూలి పోతుంది, ఆ కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి. దొంగచాటుగా ఇస్తూ వచ్చారు. చివరికి 1885లో ఫుట్‌బాల్ అసోసియేషన్ దాన్ని చట్టబద్ధం చేయక తప్పలేదు. అంటే, పేదవాడు కూడా ఆడగలిగింది ఆటకు డబ్బివ్వడం వల్లనే. ఆ తర్వాతైనా కుప్పలుగా ఏమీ ఇవ్వలేదు. 1961 దాకా ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగాడి జీతానికి పరిమితి ఉండేది. ఆ పరిమితి ఎత్తేసేనాటికి అది వారానికి 20 పౌండ్లు. దేశం గర్వించే టామ్ ఫిన్నీ, ప్రెస్టన్ ఊళ్లో ప్లంబింగ్ పని కూడా చేసుకునేవాడు.

ఒలింపిక్స్ ఆ అమెచ్యూర్ నియమాన్ని ఎంత కఠినంగా పట్టుకుందో జిమ్ థోర్ప్‌కు తెలుసు. ఆయన అమెరికా ఆదివాసీ. 1912లో స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు వేసవి సెలవుల్లో కాసిని డబ్బులకు బేస్‌బాల్ ఆడాడని మరుసటి ఏడాది రెండు పతకాలూ లాగేసుకున్నారు. ఆయన 1953లో పోయాడు. పతకాలు తిరిగిస్తామన్నది 1982లో. ఆ పోటీల్లో ఆయనొక్కడే విజేత అని రికార్డుల్లో రాసింది 2022లో. నూట పదేళ్లు పట్టింది.

ఇక ఇప్పటి సంగతి. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు వచ్చింది ఒకే ఒక్క స్వర్ణం. ఆ మరుసటి ఏడాది నుంచి లాటరీ సొమ్ము ఒలింపిక్ క్రీడాకారుల శిక్షణకు మళ్లించారు. అట్లాంటా తర్వాత పదహారేళ్లకు లండన్‌లో 29 స్వర్ణాలు. మంచి పనే. కాకపోతే అటు డబ్బుంది, ఇటు లేదు అనడానికి వీల్లేదు. ఇంకో విషయం. ఆ లండన్ క్రీడల్లో పతకాలు గెలిచిన బ్రిటన్ వాళ్లలో మూడో వంతుకు పైగా ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లు. దేశం మొత్తం మీద ఆ బడుల్లో చదివే పిల్లలు నూటికి ఏడుగురు. పడవలు, గుర్రాలు, ఈత కొలనులు అందరి వాడలోనూ ఉండవు కదా. ఫుట్‌బాల్‌కు ఒక బంతి, కాస్త ఖాళీ జాగా చాలు. పేద వాడల పిల్లవాడు టీవీలో తనలాంటి ముఖం, తన యాస, తన వీధి చూసుకునేది ఆ ఆటలోనే. ఆదర్శం గురించి మాట్లాడేటప్పుడు ఎవరికి ఆదర్శం అని కూడా అడగాలి.

మార్కస్ రాష్‌ఫర్డ్ సంగతి మీకు కాస్త వివరంగా చెప్పాలి. మాంచెస్టర్ నగరంలో విథెన్‌షా అనే కార్మికవాడలో పెరిగాడు. తల్లి ఒక్కతే పిల్లల్ని సాకింది, అందుకోసం ఒకటికి మించి ఉద్యోగాలు చేసింది. పిల్లవాడు బడిలో పెట్టే ఉచిత భోజనం మీద ఆధారపడ్డాడు. మన మధ్యాహ్న భోజనం వరస దగ్గర రోజూ నిలబడే మీకు ఆ పళ్లెం విలువ నేను చెప్పనక్కర్లేదు. అప్పట్లో ఇంగ్లండులో పైతరగతుల్లో అది అందరికీ పెట్టేవారు కాదు, ఆదాయం బాగా తక్కువున్న ఇళ్ల పిల్లలకే. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడితే, భోజనం బదులు సరుకుల కూపన్లు ఇచ్చారు. వేసవి సెలవులకు మాత్రం ఇవ్వం అన్నారు. జూన్‌లో రాష్‌ఫర్డ్ పార్లమెంటు సభ్యులందరికీ బహిరంగ లేఖ రాశాడు. తన ఆకలి సంగతి, అమ్మ పడ్డ కష్టం దాచుకోకుండా రాశాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. లేఖ బయటికొచ్చిన మర్నాడే ప్రభుత్వం మనసు మార్చుకుంది. దాదాపు 13 లక్షల మంది పిల్లలకు ఆ వేసవిలో కూపన్లు అందాయి. అక్టోబరులో తర్వాతి సెలవుల కోసం మళ్లీ అడిగాడు. పార్లమెంటులో తీర్మానం ఓడిపోయింది. అప్పుడు ఊరూరా చిన్న హోటళ్లవాళ్లు, కాఫీ కొట్లవాళ్లు మేం పెడతాం అని ముందుకొచ్చారు. నవంబరులో ప్రభుత్వం రెండోసారి దిగొచ్చింది.

డబ్బు మనిషిని చెడగొడుతుందనేవాళ్లు ఈ కుర్రవాడిని లెక్కలోకి తీసుకోవాలి. వారం వారం టీవీలో కనిపించడం వల్ల వచ్చిన పేరు అది. ఆ పేరుంది కాబట్టే మంత్రులు విన్నారు. నాలుగేళ్లకోసారి కనిపించే విలుకాడో, పడవ నడిపేవాడో అదే లేఖ రాస్తే మర్నాటికి జవాబు వచ్చేదా? నాకు నమ్మకం లేదు.

మరుసటి ఏడాది జులై 11న యూరో కప్పు ఫైనల్లో అదే రాష్‌ఫర్డ్ పెనాల్టీని గోల్ చేయలేకపోయాడు. అతనితోపాటు విఫలమైన శాంచో, సాకా కూడా నల్లజాతి కుర్రాళ్లే. ఆ రాత్రి వాళ్ల మీద కురిసిన జాతి దూషణ చెప్పడానికి నోరు రాదు. విథింగ్టన్‌లో గోడ మీది రాష్‌ఫర్డ్ బొమ్మను పాడు చేశారు. తెల్లారాక ఆ చుట్టుపక్కల జనం వచ్చి, ఆ పిచ్చి రాతలు కనపడకుండా కాగితాల మీద ప్రేమగా రాసి అంటించారు. వాటిలో పిల్లల చేతిరాతలు ఎన్నో.

ఇక ఇక్కడి సంగతికి వస్తే, మన దగ్గర ఫుట్‌బాల్ ఆటగాడూ ఒలింపిక్ క్రీడాకారుడూ ఒకే మనిషైన కాలం ఒకటుంది. అది హైదరాబాద్ కాలం. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. మన జట్టు ఒలింపిక్స్‌లో అంత ఎత్తుకు మళ్లీ చేరలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో, ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని జట్టుకు స్వర్ణం తెచ్చిపెట్టాడు ఆయన. ఏడాది తిరక్కుండా కన్నుమూశాడు. ఆ మెల్‌బోర్న్ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1960లో రోమ్‌లోనూ ఆడి, హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. 2023లో బెంగాల్‌లో పోయాడు. పద్మ పురస్కారం రాలేదు. మెస్సీ జెర్సీ నంబరు చెప్పగల మన పిల్లల్లో బలరాం పేరు విన్నవాళ్లు ఎంతమంది? ఈ తప్పు పిల్లలది కాదు. రహీం సాబ్ గురించి 2024లో హిందీలో సినిమా వస్తే గానీ మనలోనే చాలామందికి ఆయన గుర్తుకు రాలేదు. ఆయన మన వృత్తివాడు. మన బడి గోడల మీద ఆయన బొమ్మ ఉండాలి.

మో ఫరా దగ్గరికి మళ్లీ వస్తాను. తొమ్మిదేళ్ల వయసులో వేరే పిల్లవాడి పేరుతో జిబౌటీ నుంచి తనను అక్రమంగా బ్రిటన్‌కు తీసుకొచ్చారని, ఒక ఇంట్లో చాకిరీ చేయించారని 2022లో ఆయనే బయటపెట్టాడు. చిన్నప్పుడు అతని కల పరుగు కాదు, ఆర్సెనల్ జట్టుకు ఆడటం. బంతి కోసమే గ్రౌండ్‌లోకి దిగాడు. అలన్ వాట్కిన్సన్ అనే పీఈటీ ఆ పిల్లవాడి పరుగు చూశాడు. భాష సరిగా రాని పిల్లవాడు, ట్రాకు మీద మాత్రం హాయిగా ఉన్నాడని గమనించాడు. తన అసలు పేరు, ఇంట్లో జరుగుతున్నది ఫరా మొదట చెప్పుకున్నది ఆయనకే. ఆయన అధికారులకు చెప్పి పిల్లవాణ్ణి ఆ ఇంటి నుంచి బయటపడేయించాడు, పౌరసత్వం కోసం కాగితాలు పట్టుకుని తిరిగాడు. ఫుట్‌బాల్ స్టార్లను చూసి ఆశపడి గ్రౌండ్‌కొచ్చిన పిల్లవాడు ఒలింపిక్ విజేత అయ్యాడు, మధ్యలో విజిల్ పట్టుకున్న ఒక మాస్టారు ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు ఆదర్శం అని అడిగేవాళ్లు ఈ మూడో మనిషిని చూడటం లేదు.

ఇప్పుడు, ఒప్పుకుంటానన్న విషయం. ప్రత్యర్థులతో, రిఫరీతో నడుచుకునే తీరులో ఫుట్‌బాల్ వాళ్లు ఓడిపోయారు. ఆ శనివారం రాత్రి ఎనిస్ గెలిచాక హెప్టాథ్లాన్ అమ్మాయిలందరూ, ఓడినవాళ్లతో సహా, కలిసి స్టేడియం చుట్టూ తిరిగి జనానికి చేతులూపారు. అది ఆ ఆటలో ఎప్పటి నుంచో ఉన్న సంప్రదాయం. ఫుట్‌బాల్‌లో విజిల్ మోగగానే అయిదారుగురు రిఫరీని చుట్టుముట్టి ముఖంలో ముఖం పెట్టి అరుస్తారు. మండల స్థాయి పోటీల్లో మీరూ చూసే ఉంటారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఫౌల్ చేసి, రెండు చేతులూ పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి, నేనేం చేశాను సార్ అన్నట్టు నిలబడతాడు. వెనకే ఇంకో ముగ్గురు పరిగెత్తుకొస్తారు. ఆ చేతులెత్తడం, ఆ చూపు అచ్చం టీవీలోదే. రాష్‌ఫర్డ్ లేఖ వాడు చదవలేదు, ఇది మాత్రం చూశాడు. పిల్లలు ముందు నేర్చుకునేది ఒంటి తీరు. అందుకే ఇది చిన్న తప్పని నేను అనుకోను. ఈ అరుపులకు భయపడి మన జూనియర్ టీచర్లు, కొత్తగా రిఫరీ పరీక్ష పాసైనవాళ్లు విజిల్ పక్కన పెట్టేస్తే, ఆడించేవాడే ఉండడు.

దీనికి మందు ఫుట్‌బాల్ వాళ్లే కనిపెట్టారు. 2024 యూరో కప్పులో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ ఒక పద్ధతి పెట్టింది. నిర్ణయం గురించి రిఫరీని అడగాలంటే కెప్టెన్ ఒక్కడే వెళ్లాలి. గోల్‌కీపర్ కెప్టెన్ అయితే, మైదానంలో ఉన్న ఇంకొకణ్ణి ముందే చెప్పి ఉంచాలి. మిగతా ఎవరు మీదికొచ్చినా ఎల్లో కార్డు. ఆ టోర్నీలో అది పనిచేసింది, గుంపులు బాగా తగ్గాయి.

వచ్చే స్కూల్ గేమ్స్‌లో మండల స్థాయి నుంచే మనం ఈ పద్ధతి అమలు చేద్దాం. ఆట మొదలయ్యే ముందు రెండు జట్లనూ నిలబెట్టి, కెప్టెన్ ఎవరో చూపించి, నియమం తెలుగులో చెప్పాలి. కెప్టెన్ మర్యాదగా అడిగితే రిఫరీ కూడా ఒక్క మాటలో జవాబు చెప్పాలి. అలాగే ప్రతి మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ కలిసి గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు నడవాలి. ఈ రెండింటినీ ఈ సాయంత్రం తీర్మానాల్లో చేర్చమని అధ్యక్షులను కోరుతున్నాను. అభ్యంతరాలున్న మిత్రులు ఇప్పుడే చెప్పండి, చర్చకు ఇంకా సమయం ఉంది.