పరీక్షకు పంపెడి కఫము, రక్తము



దగ్గు రెండు వారములు తగ్గకున్న వైద్యుడు కఫము తెమ్మనును. జ్వరము వచ్చిన రక్తము పరీక్షింపవలె ననును. ఫలితము కాగితముపై అచ్చయి వచ్చినతోడనే మన మది వేదవాక్యముగా నమ్ముదుము. కాని యంత్రము తనకిచ్చిన బొట్టును గూర్చియే చెప్పగలదు. అది యెవరిదో, ఎట్లు తీసిరో ఎరుగదు. తప్పు పెక్కుమార్లు యంత్రమును చేరకమునుపే, మన యింటి అరుగుమీదనే పుట్టుచుండును.

కఫము సంగతి చూడుడు. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు క్షయకు కారణమగు క్రిమిని బెర్లినులో ప్రకటించెను. సూక్ష్మదర్శినిలో అది కనబడవలెనన్న ఒక మిల్లీలీటరు కఫమున 5,000 మొదలు 10,000 వరకు క్రిములుండవలెను. సీబీనాట్ అను నేటి యంత్రము 130 క్రిములున్నను పట్టగలదు. అయిన నేమి? సిగ్గుచేత మన ముసలివారు, అందును స్త్రీలు, కఫము రాలేదని చెప్పజాలక నోటి ఉమ్మినే డబ్బాలో పోసి యిత్తురు. క్షయ లేదని కాగితము వచ్చును. రోగి నిశ్చింతగా ఇంటికి వచ్చి మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొనును.

కావున వేకువనే, ఏమియు తినకముందు, మంచినీటితో నోరు పుక్కిలించి, జనము లేని ఆరుబయటకు పోయి, రెండు మూడుమార్లు గాలి నిండుగా పీల్చి, రొమ్ము లోతునుండి దగ్గి చిక్కని కఫము తీయవలెను. మూత గట్టిగా బిగించి ఆనాడే పంపవలెను. పేరు డబ్బామీద వ్రాయవలెను గాని మూతమీద గాదు; మూతలు మారినచో మనుష్యులే మారిపోదురు!

పేరన్న మాట వచ్చినది గనుక చెప్పెదను. గ్రామదేవత పేరే ఊరిలో పదిమందికి పెట్టుట మన వాడుక. "నీవు వెంకయ్యవేనా?" అని యడిగిన చెవిటి తాత "ఆఁ" అనును. అట్లుగాక అతని పేరు, తండ్రి పేరు, వయస్సు అతనిచేతనే చెప్పించి, రక్తము తీసిన చోటనే, మంచముప్రక్కనే, సీసాపై వ్రాయవలెను. ఒకరి రక్తము మరియొకరి కెక్కించు సందర్భమున ఈ పొరపాటు ప్రాణమునే తీయును.

మలేరియా దోమద్వారా వ్యాపించునన్న రహస్యము మన సికిందరాబాదులోనే, 1897వ సంవత్సరము ఆగస్టు 20న, రోనాల్డు రాసునకు దోమ కడుపులో చిక్కినది. నేడు ఆ జ్వరమును చిన్న పట్టీతో గుమ్మములోనే పరీక్షింపవచ్చును. పొట్లము విప్పిన వెంటనే వాడవలెను. దానితో వచ్చిన ద్రవమునకు బదులు నీరు పోయరాదు. పొట్లముపై వ్రాసిన నిమిషములకే చూడవలెను, సాయంత్రము తీరికగా కాదు. మరియు కొన్ని పట్టీలు రోగము కుదిరిన పిదపను కొన్ని వారములు గీత చూపుచుండును. అంతమాత్రమున మందు పనిచేయలేదని తలంపరాదు.

చక్కెరవ్యాధికి వ్రేలిబొట్టు చూచు యంత్రమిప్పుడు పల్లెలలోను కలదు. మా బంధువులలో ఒక పెద్దాయన మామిడిపండు తిని, చేయి పంచెకు తుడుచుకొని వ్రేలు చాచెను. యంత్రము 310 చూపెను. ఇంటిల్లిపాదియు బెదరిరి, ఇల్లాలు కంట నీరు పెట్టుకొనెను. సబ్బుతో చేయి కడిగించి, తడి బాగుగా ఆరనిచ్చి, మరియొక పట్టీతో చూడగా 150 మాత్రమే. అధికముగా కనబడినది పండు రసమే గాని రక్తములోని చక్కెర గాదు. ఆ మొదటి అంకెను నమ్మి మందు హెచ్చించియుండిన, ఆ రాత్రి ఆయన స్పృహ తప్పి పడియుండెడివాడేమో!