ఆ ‘ట’ ఎక్కడ రాలిపోయింది?



రాజకీయ హత్యకు సాక్షిగా నిలిచిన విలేకరి మాటను ఎంతవరకు నమ్మాలి? విజయవాడ వన్ టౌన్‌లో నిలబడి ఈ ప్రశ్న వేయడం తేలిక కాదు. 1988 డిసెంబరు 26 తెల్లవారుజామున, నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగాను చంపేశారు. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పడింది. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఎవరిని కదిపినా ‘ఇలా వచ్చారట, ఇంతమంది వచ్చారట’ అనేవారే.

ఆ ‘ట’ను గమనించండి. ‘వచ్చారు’ అంటే పూచీ నాది. ‘వచ్చారట’ అంటే చెప్పినవాడిది. ఒక్క అక్షరంతో తెలుగువాడు తన సాక్ష్యానికి హద్దు గీసుకుంటాడు. అదే మాట అచ్చుకెక్కేసరికి ‘ట’ రాలిపోయి ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అవుతుంది. పదేళ్లకు ఆ భోగట్టా కూడా రాలిపోయి, ఎవరి పుస్తకంలోనో వట్టి ‘వచ్చారు’ మిగులుతుంది. చదివినవాడు దాన్నే చరిత్ర అనుకుంటాడు.

రాలిన ఆ అక్షరాన్ని కోర్టు వెతుకుతుంది. చూసిన సంగతిని చూసినవాడే వచ్చి చెప్పాలని 1872 నాటి సాక్ష్య చట్టం అంది. పత్రికలో పడ్డ వార్త దానంతటదే రుజువు కాదని, అది విన్నమాట కిందికే వస్తుందని సుప్రీంకోర్టు లక్ష్మీరాజ్ శెట్టి కేసులో చెప్పింది. ఆ తీర్పూ 1988లోదే.

అయితే చూసినవాడు, నిజాయితీపరుడు చెబితే చాలా? ఈ పేటకు పైనున్న గాంధీ కొండనే తలుచుకుందాం. ఆ కొండకు పేరిచ్చిన గాంధీజీని 1948 జనవరి 30న కాల్చి చంపినప్పుడు బిర్లా భవన్ తోటలో అమెరికన్ పాత్రికేయుడు విన్సెంట్ షీన్ ఉన్నాడు. గాంధీజీ మీద గొప్ప గౌరవం ఉన్నవాడు. మరుసటి ఏడాది వచ్చిన పుస్తకంలో, నాలుగు పేలుళ్లు విన్నానని రాశాడు. పేలినవి మూడు. ఆయన అబద్ధం ఆడలేదు. దుఃఖంలో ఉన్న చెవి లెక్క తప్పింది. 1963లో కెనెడీ హత్య జరిగినప్పుడు డల్లాస్‌లో అమెరికన్ విలేకరి మెరిమన్ స్మిత్ పత్రికలవారి కారులో ఉన్నాడు. నాలుగు నిమిషాల్లో వార్త పంపాడు: కెనెడీ వాహనశ్రేణి మీద మూడు కాల్పులు. ఎవరు కాల్చారో, ఎవరికి తగిలిందో ఆ మొదటి వాక్యంలో లేదు. చెవికి అందినంతే రాశాడు. నాకు నమ్మకం కలిగించేది ఆ నిగ్రహం.

ఇంకా చిక్కైనది శ్రీపెరంబుదూరు. 1991 మే 21న విశాఖ ప్రచారం ముగించుకుని వెళ్లిన రాజీవ్ గాంధీ అక్కడ బాంబు పేలుడులో హతుడయ్యాడు. ఫోటోగ్రాఫర్ హరిబాబు కూడా అదే పేలుడులో పోయాడు. అతని కెమెరా మిగిలింది. అందులోని పది ఫోటోలే దర్యాప్తుకు దారి చూపాయి. ఆ తర్వాత సీబీఐ హరిబాబునే కుట్రదారుల జాబితాలో చేర్చింది. మనిషి అనుమానితుడు, అతని ఫోటో మాత్రం తిరుగులేని సాక్ష్యం! కాబట్టి ‘ఈ విలేకరి మంచివాడా?’ అన్న ప్రశ్న మనకు అక్కరకు రాదు. ‘ఈ ఒక్క వాక్యం అతనికి ఎలా తెలిసింది?’ అని అడగాలి. ఎక్కడ నిలబడి చూశాడు, ఎప్పుడు రాసుకున్నాడు, తర్వాత ఏం చేర్చాడు అని అడగాలి.

చూసి కూడా రాయని విలేకరిని మాత్రం తొందరపడి తప్పుపట్టకండి. 1985లో ఇదే ఊళ్లో ‘ఎన్‌కౌంటర్’ సంపాదకుడు పింగళి దశరథరామ్‌ను హత్య చేశారు. ఆ మరునాడు కలం పట్టినవాడి చేయి వణికి ఉంటే, ఆ వణుకును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చివరగా ఒక మనవి. ఈ జిల్లాలో రిటైరైన విలేకరుల ఇళ్లలో, అటకల మీద, పాత నోటు పుస్తకాలు ఇంకా ఉంటాయి. అచ్చయిన వార్త కంటే ముందు, ఆ హడావిడిలో గిలికిన రాతలవి. పాత కాగితాల వాడికి తూకానికి వేసేలోపు వాటిని సేకరించండి. రాలిపోయిన ‘ట’లు కొన్నయినా అందులో దొరుకుతాయి.