పహాణీలో ‘ఇనాం’ అని ఉందా? అగ్రహారం నుంచి ఓఆర్‌సీ దాకా

ఈ ఎపిసోడ్ మా హత్నూర నుంచే మొదలుపెడతా.

మా అక్క పెళ్లి కోసం బాపు రెండెకరాలు అమ్ముదామనుకున్నాడు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు పెరిగినంక మా దగ్గర ఎకరం రేటు ఎట్లుందో మీకు తెలుసు. బేరం కుదిరింది, బయానా కూడా తీసుకున్నం. తీరా ఆన్‌లైన్‌లో చూస్తే ఆ సర్వే నంబర్ నిషేధిత జాబితాలో ఉంది. కారణం ఒకటే మాట: ఇనాం. బయానా వాపస్ ఇచ్చేసినం. పెళ్లి అప్పుతో అయింది.

బాపుని అడిగితే, “అది పంతులు ఇనాం రా. మీ తాత జమానా నుంచి దున్నేది మాత్రం మనమే” అన్నాడు.

నేను కోడ్ రాసినవాణ్ణి కదా. బగ్ దొరికితే అది ఎక్కడ మొదలైందో వెనక్కి పోయి చూడటం అలవాటు. ఈసారి వెయ్యేళ్లు వెనక్కి పోవాల్సి వచ్చింది.

1053లో రాజరాజ నరేంద్రుడు నందంపూడి అనే ఊరిని నారాయణ భట్టు అనే పండితుడికి అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనం రాసింది ఎవరో కాదు, మన నన్నయ. ఇలాంటి దానాలు రాగి రేకుల మీద చెక్కించేవారు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం చెల్లుతుందనేవారు. ఇచ్చిన భూమిని లాక్కుంటే 60 వేల ఏళ్లు పురుగై పుడతారని శాపం కూడా పెట్టేవారు. అప్పటి టర్మ్స్ అండ్ కండిషన్స్ అన్నమాట!

ఇక్కడ ఒక పాయింట్ పట్టుకోండి. చాలా దానాల్లో రాజు వదులుకున్నది పన్ను. దున్నే రైతు అక్కడే ఉంటాడు, ఆయన కట్టేది మాత్రం రాజుకు బదులు దానం పొందినవారికి పోతుంది. రేకు మీద ఇచ్చినవారి పేరు, తీసుకున్నవారి పేరు ఉంటాయి. నాగలి పట్టినవాడి పేరు మామూలుగా ఉండదు.

నిజాం కాలంలోనూ ఈ పద్ధతి ఆగలేదు. బ్రాహ్మణులకే కాదు, ఖాజీలకు, దర్గాలకు, ఊరి పని చేసేవాళ్లకు కూడా ఇనాంలు ఉండేవి. దానికి ముంతఖాబ్ అనే పత్రం ఇచ్చేవారు.

ఇక చట్టం సంగతి. హైదరాబాద్ రాష్ట్రం 1955లో ఇనాంల రద్దు చట్టం తెచ్చింది. అందులో ‘ఇనాం’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో అగ్రహారం భూమి కూడా ఉంది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వేరే చట్టం వచ్చింది. గుడి, మసీదు పేరు మీద ఉన్న భూముల లెక్క వేరు, అది ఇంకో ఎపిసోడ్.

మన దగ్గర అసలు కీలకమైన తేదీ 1973 నవంబర్ 1. ఆ రోజు ఆ భూమి ఎవరి స్వాధీనంలో ఉంది? ఇనాందారా, కాబిజ్-ఎ-ఖదీమా, అంటే పాతకాలం నుంచి కబ్జాలో ఉన్నవాడా, రక్షిత కౌలుదారా? ఆర్డీఓ విచారణ చేసి, హక్కు తేలినవారికి ఓఆర్‌సీ, అంటే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్ ఇస్తారు. చూశారా, రాగి రేకు అడగని ప్రశ్నే ఈ చట్టం అడుగుతోంది: దున్నింది ఎవరు?

కానీ చాలా ఊర్లలో తాతలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. దున్నుకుంటున్నం కదా, ఇంకేం కావాలి అనుకున్నరు. ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. ఓఆర్‌సీ లేనిది ఏ పోర్టల్ అయినా ఏం చేస్తుంది?

మీ ఇంట్లో ఇనాం భూమి ఉంటే ఈ వారమే మూడు పనులు చేయండి. 1954-55 ఖాస్రా పహాణీ, 1973-74 పహాణీ నకళ్లకు దరఖాస్తు పెట్టండి. పట్టాదారు కాలమ్‌తో పాటు అనుభవదారు కాలమ్ కూడా చదవండి. పాత శిస్తు రసీదులు ఉంటే పారేయకండి. తర్వాత రెవెన్యూ కేసులు చూసే వకీలును కలవండి. ఓఆర్‌సీ లేకుండా సాదా కాగితం మీద కొనకండి, అమ్మకండి.

మా సంగతి? 1973-74 పహాణీలో అనుభవదారు కాలమ్‌లో మా తాత పేరు దొరికింది, ఒక అక్షరం తప్పుతో. పట్టాదారు కాలమ్‌లో పంతులు గారి పేరు ఉంది. ఆయన మనవడు హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తాడు, ఆయన కూడా అర్జీ పెట్టుకున్నాడు. మొన్న విచారణ రోజు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నం. ఆయన చేతిలో ముంతఖాబ్, నా చేతిలో పహాణీ. “మీ తాత మా ఇంటికి వడ్లు తెచ్చేవాడట” అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. వెయ్యేళ్ల కింద రాయకుండా వదిలేసిన ఒక పేరు కోసం ఇద్దరం తిరుగుతున్నం.

ఫైలు ఇంకా నడుస్తోంది. ఏం తేలినా మీకు చెప్తా. అప్పటిదాకా, ఈ వీడియో మీ నాన్నకు చూపించండి. ఉంటా మరి.